పోటు వేళను బట్టి ప్రయాణము

కాలిఫోర్నియా తీరమున, శాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖ వెంబడి సన్నగా సాగియున్న టొమాలెస్ అఖాతమున, ప్రప్రథమముగా కయాక్‌పై చేపలవేటకు పోవలెనని సంకల్పించినది మొదలు, గాలమును గూర్చికంటె ఆటుపోటుల పట్టికను గూర్చియే నేనెక్కువగా ఆలోచించుచున్నాను.

అచట దినమునకు సాధారణముగా రెండు పోటులు, రెండు ఆటులు. కాని వాని ఎత్తులు సమానములు కావు. ఆటు పడవను ఉత్తరమున నున్న ముఖద్వారమువైపునకు, అనగా పసిఫిక్ కెరటములు విరిగిపడు చోటికి, లాగును. పోటు లోనికి మోసికొని వచ్చును. మధ్యాహ్నమున వాయవ్యమునుండి వీచు గాలి ఆటుకు ఎదురైనపుడు అలలు నిటారుగా లేచును. కావున వేకువనే ఒడ్డున నున్న మార్షల్ అను ఊరి చెంత బయలుదేరి, ఆటు ముగియు వేళ కొంత ఉత్తరమునకు పోయి, ముఖద్వారమునకు మిక్కిలి దూరముననే ఆగి, పోటుతోపాటు మధ్యాహ్నమునకు ముందే మరలవలెనని నిశ్చయించితిని.

ఇసుకలో ఒదిగియుండు హాలిబట్ అను చేప 22 అంగుళములకు తక్కువైనచో నీటికే విడువవలెనను నియమము నాకు మిగుల న్యాయముగా తోచినది. లైసెన్సు, లైఫ్ జాకెట్టు, వెట్‌సూటు సిద్ధము. పోవు చోటును, మరలివచ్చు వేళను వ్రాసిన చీటీని ఇంట నుంచెదను.