తీతువు మార్చిన రూటు

వచ్చే ఆదివారం మా రన్నింగ్ గ్రూప్ హైదరాబాద్ నుంచి మా వర్నికి వస్తోంది. పది కిలోమీటర్ల రూటు వెతకడం నా పని. మ్యాప్‌లో నిజాంసాగర్ కాలువ గట్టు కనబడగానే 'ఇదే' అనుకున్నా. 1931లో మంజీర మీద పూర్తయిన ప్రాజెక్టు అది. ఇక్కడి వరి చాలావరకు ఆ నీళ్లతోనే పండుతుంది.

మార్చి నెల, పొద్దున ఆరింటికి ఒక్కణ్నే బయల్దేరా. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క పొట్ట మీదున్న వరి, దూరంగా బడాపహాడ్ వైపు ఎర్రగా మోదుగు పూలు. రెండో కిలోమీటరు దాటానో లేదో, తీతువు పిట్ట నెత్తి మీదే చక్కర్లు కొడుతూ ఒకటే అరుపు. 'తీతువు అరిస్తే కీడు' అని చిన్నప్పుడు నానమ్మ భయపెట్టేది. వెనక్కి తిరగబోతుంటే మడి కాడ తాత అన్నాడు: "కీడు లేదు గీడు లేదు బిడ్డా, కాళ్ల కాడ చూడు."

గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. రాళ్ల రంగులోనే ఉన్నాయి. ఇంకో అడుగేస్తే తొక్కేసేవాణ్ని! పిల్లలు బయటికి రావాలంటే దాదాపు నాలుగు వారాలు పొదగాలి. ముప్పై మంది షూస్ కింద అవి మిగులుతాయా?

రూటు ఊళ్లోంచి రోడ్డు మీదికి మార్చేశా. 'వ్యూ ఏదిరా?' అని గ్రూప్‌లో ఒకటే గోల. వానలు తగ్గాక చూపిస్తా అన్నా. అప్పటిదాకా ఆ గట్టు తీతువుదే.