మాట పడేది ఇల్లాలే!

బియ్యం డబ్బాలో పురుగు కనిపిస్తే చాలు, "ఇంటిమీద ధ్యాస ఉంటేగా!" అని ఇల్లాలినే అంటారు. అసలు సంగతి వినండి. ముక్కుపురుగు గింజకు కన్నం చేసి, గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల లోపలే తింటూ పెరిగి, సుమారు నెలకు బయటపడుతుంది. అంటే చాలాసార్లు అది కొత్తకోడలి సారెలా కొట్లోంచే మనింటికి వచ్చిందన్నమాట!

మా అత్తగారికి ఈ మాటే చెప్పాను. ఆవిడ చేట అందుకుంటూ, "సరేలే, ముందు ఎండలో పొయ్యి" అన్నారు.

ఎండకు పైనున్నవి పారిపోతాయి, గింజలోనివి ఉండిపోవచ్చు. అందుకే నెలకు సరిపడానే కొంటాను, పాతవాటి మీద కొత్తవి పోయను.

పురుగుల్ని చెరగడానికి చేట ఉంది. పడ్డ మాటను చెరిగే చేట ఏ సంతలో దొరుకుతుందమ్మా?