హవోరీకి ఎస్సూ ఎమ్మూ ఉండవు

"ఎవరో విడిచిన బట్టలేమిటే, మనకేం గతి లేకనా?" అంటుంది అమ్మ. పాత చీరలేసి స్టీలు గిన్నెలు తీసుకున్న ఇల్లు మాది. ఆ ఇంటి పిల్ల లండన్‌లో కూర్చుని జపాన్ వాళ్ల పాత బట్టలు తెప్పించుకుంటోందంటే ఆవిడకు మింగుడుపడదు.

నేను కొనేవి ఎక్కువగా హవోరీలు. కిమోనో పైన వేసుకునే పొట్టి కోటు అది, జీన్స్ మీదికీ నప్పుతుంది. అక్కడ కిమోనో రోజువారీ వాడకం ఏనాడో తగ్గింది. బీరువాల్లోంచి బయటపడ్డ పట్టు హవోరీ మెర్కారి అనే పాత సరుకుల యాప్‌లో రెండు వేల యెన్‌లకు, అంటే దాదాపు పది పౌండ్లకే, దొరుకుతుంది.

చూడాల్సింది 'యుకి': మెడ వెనక మధ్య నుంచి మణికట్టు దాకా కొలత. కిమోనో తాను వెడల్పు 36 సెంటీమీటర్ల పైచిలుకు. వీపులో సగానికి ఒక వెడల్పు, చేతికి ఇంకో వెడల్పు. కుట్లలో పోయింది పోగా మిగిలిందే యుకి. పాతవాటిలో అది తరచు 65 లోపే. నాకు 68 కావాలి. గాజులు కనబడతాయిలే అని సర్దుకుంటాను.

అమ్మేవాళ్లు మరకను వేలితో చూపిస్తూ మరీ ఫొటో పెడతారు. కలరా ఉండల వాసన మాత్రం ఫొటోలో రాదు. వారం రోజులు బాల్కనీలో ఆరేయాల్సిందే.

చాలామంది విదేశాలకు పంపరు కాబట్టి మధ్యలో ప్రాక్సీ కంపెనీ కొని, గోదాములో ఉంచి, మనకు పంపుతుంది. కమిషన్, అక్కడి పోస్టేజీ, ఇక్కడిదాకా పోస్టేజీ కలిపితే కోటు కంటే దాని ప్రయాణమే ఖరీదు. నాలుగైదు పోగేసి ఒకే పెట్టెలో తెప్పించడం మేలు. అలాగని సరుకు విలువ 135 పౌండ్లు దాటిందా, 20 శాతం వ్యాట్‌కు తోడు కస్టమ్స్ సుంకమూ పడుతుంది.

ఈమధ్య కన్ను కురుమే కసూరి మీద పడింది. క్యూషూ దీవి నేత. మన పోచంపల్లిలో లాగే నూలుకు ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. 1800 ప్రాంతంలో ఇనోఉయె దెన్ అనే అమ్మాయి మొదలుపెట్టిందంటారు. మంచివి యాహూ వేలంలో వస్తాయి. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు ఇంకాస్త జరుగుతుంది. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ ఆఫీసులో భోజనాల వేళ. ఒక చేత్తో పెరుగన్నం, ఇంకో చేత్తో పాట.