పెన్న నుంచి పంబలేరు దాకా

నెల్లూరులో పెన్న దాటి దక్షిణంగా సాగితే గూడూరు పంబలేరు వాగు దాకా దారి నలభై కిలోమీటర్ల లోపే. గూడూరు ఇంకా కాస్త దూరముందనగా మనుబోలు వస్తుంది. కుంఫిణీ కాలంలో మద్రాసును కలకత్తాతో కలిపిన ఉత్తరపు ట్రంకు రోడ్డు ఇదే. తర్వాత ఐదో నంబరు జాతీయ రహదారి అయింది, 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారు అయింది. లారీ డ్రైవర్లు, టీ కొట్ల వాళ్ళు మాత్రం హైవే అంటారు, అంతే. ఈ దారిని ఎక్కువమంది తిరుపతికో చెన్నైకో పోవడానికే వాడుకుంటారు, మధ్యలో ఆగరు. ఆగి చూడాల్సింది ఇక్కడ చాలా ఉంది. చూసే కళ్ళు లేక అది ఏటేటా తరిగిపోతోంది. ఈ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెన్న దగ్గరే మొదలుపెడతాను. ఒడ్డున తల్పగిరి రంగనాథుడి గుడి, దాని గాలిగోపురం. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన అప్పటి విక్రమసింహపురి అయిన ఈ నెల్లూరులోనే మసిలాడు. ఊళ్ళో స్వర్ణాల చెరువు, గట్టున బారాషహీద్ దర్గా. మొహర్రంకు రొట్టెల పండుగ జరిగేది అక్కడే. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముక్కూమొహం తెలియని వాళ్ళు చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె మార్చుకుంటారు. ఆ పండుగను ఏ శాఖా కాపాడలేదు, జనమే కాపాడుకున్నారు. ఇదే నదిలో ఎగువన, చేజర్ల మండలం పెరుమాళ్ళపాడు దగ్గర, 2020 జూన్‌లో ఇసుక తవ్వుతుంటే నాగేశ్వరస్వామి గుడి శిఖరం బయటపడింది. ఆ గుడి ఇసుక కింద ఉందని ఊరి పెద్దలకు తెలుసు. తాతలు చెప్పిన మాటది. యువకులే పూనుకుని ఇసుక తోడించారు. పెన్న మింగిన గుడి పెన్నలోనే దొరికింది. అయితే దొరికినవన్నీ నిలవవు.

1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాత గుడి ఇటుకలు తగిలాయి. వాటి కింద ఒక కుండ, కుండ నిండా రోము బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి. అప్పుడే టంకశాల నుంచి వచ్చిన నాణేల్లా మెరిసేవని చూసినవాళ్ళు రాశారు. ఆ సంగతి మద్రాసు నుంచి ఒక ఉత్తరం రూపంలో వెళ్ళి 'ఏషియాటిక్ రీసెర్చెస్'లో అచ్చయింది. అచ్చయ్యేనాటికే చాలా నాణేలు కంసాలి మూసలో కరిగిపోయాయి. పదహారు వందల ఏళ్ళకు పైగా మట్టి కడుపులో భద్రంగా ఉన్న చరిత్ర మనుషుల చేతికి రాగానే కరిగింది.

ఆ రైతును నేను తప్పు పట్టను. దొరికిన బంగారాన్ని దొరకు చూపిస్తే ఏం మిగులుతుందో అతనికి తెలుసు. మన నిక్షేపాల చట్టం 1878 నాటిది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలంటుంది. సర్కారు తీసుకోదలిస్తే లోహం విలువకు దానిలో అయిదో వంతు కలిపి ఇస్తుంది. హేడ్రియన్ బొమ్మకు, అతని కాలానికి, అది సముద్రాలు దాటి పెన్న ఒడ్డుకు చేరిన వైనానికి విడిగా వెల కట్టదు. ఇంగ్లండులో 1996 నాటి చట్టం ప్రకారం మ్యూజియం తీసుకున్న నిధికి బజారు వెల కడతారు. దొరికిన చిన్నాచితకా వస్తువుల్ని రాయించుకోవడానికి జిల్లాల్లో మనుషులు ఉంటారు. అక్కడ రైతు తవ్వి తెచ్చి చూపిస్తాడు, ఇక్కడ తవ్వి దాస్తాడు. మనిషి గుణంలో తేడా లేదు, చట్టంలో ఉంది.

నెల్లూరు జిల్లాకు ఒక అదృష్టం పట్టింది. 1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి కలిసి జిల్లాలోని రాగిరేకులు, శిలాశాసనాలన్నిటినీ మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకాల వారీగా, ఊళ్ళ వారీగా ఏ గుడి గోడ మీద ఏముందో, ఏ చెరువు గట్టున ఏ రాయి ఉందో మూలపాఠంతో సహా ఇచ్చారు. అంత పని అప్పట్లో చాలా జిల్లాలకు జరగలేదు. మనుబోలుది గూడూరు తాలూకా. ఆ భాగం పేజీలు తిప్పుతుంటే సగానికి సగం ఊళ్ళ పేర్లు బస్సు బోర్డుల మీద చదివినవే అనిపిస్తుంది.

అందులో తమిళ శాసనాలు ఎన్నో. ఈ పాకనాడు ఒకనాడు చోళుల ఏలుబడిలో ఉండేది, వాళ్ళ సామంతులుగా మొదలైన తెలుగు చోడులు నెల్లూరును రాజధాని చేసుకున్నారు. అందుకే ఒకే గుడి గోడ మీద ఒక రాయి తమిళంలో, పక్క రాయి తెలుగులో మాట్లాడతాయి. ఊళ్ళోవాళ్ళకు ఆ పాత లిపులు రెండూ అందవు. చదవలేని రాతను చూస్తే మనకు వెంటనే తోచేది గుప్తనిధి. రాతి మీద సూర్యచంద్రుల బొమ్మలుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. నిజానికి ఆ బొమ్మలు చెప్పేది ఈ దానం సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలనే. ఆ బొమ్మను చూసే రాత్రికి రాత్రి రాయిని పెకలిస్తారు.

శాసనానికి అచ్చు తీయడం చూస్తే ఆ అపోహ ఒక్కపూటలో పోతుంది. ముందు కొబ్బరి పీచుతో, నీళ్ళతో రాయిని కడుగుతారు. అక్షరాల గాళ్ళలో పేరుకున్న సున్నం, నూనె జిడ్డు, పావురాల రెట్ట ఓపిగ్గా తీస్తారు. తడిపిన కాగితాన్ని రాయికి అతికించి గట్టి వెంట్రుకల బ్రష్షుతో కొడతారు. టపటపమని చప్పుడు. దెబ్బ దెబ్బకూ కాగితం అక్షరాల లోతుల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక గుడ్డ పొట్లాన్ని నల్ల సిరాలో ముంచి పైపైన అద్దుతారు. ఎత్తుగా ఉన్న చోటు నల్లబడుతుంది, పల్లంలో దిగిన అక్షరం తెల్లగా మిగులుతుంది. కాగితం ఊడదీసి ఎండలో పట్టుకుంటే, చుట్టూ మూగిన పిల్లలు వేలు పెట్టి 'స్వస్తి' అన్న మాటను కూడబలుక్కుంటారు. ఫలానా శకవర్షంలో ఫలానా వ్యక్తి గుడిలో అఖండదీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చాడు, వాటి నెయ్యి దీపానికి. అంతే నిధి. దాన్ని గొర్రెల దానమని చదివిన ఊళ్ళో ఆ రాయిని ఎవరూ పెకలించరు.

నెల్లూరు దాటాక కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వస్తుంది. 2008లో పెట్టారు. ఇంకొంచెం ముందుకు వెంకటాచలం. తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిందీ 2008లోనే. దాని తాలూకు అధ్యయన కేంద్రం ఏళ్ళ తరబడి మైసూరులో ఉండి, చివరికి 2020లో ఈ రోడ్డు పక్కకే వచ్చి చేరింది. తిక్కన నేల మీద ఆ కేంద్రం ఉండడం నాకు గొప్ప సంతోషం. ఒక విశ్వవిద్యాలయం, ఒక ప్రాచీన తెలుగు కేంద్రం, రెండూ ఇంత దగ్గరలో ఉన్నాయి. 1905 సంపుటాలు చేతబట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి, ఏ రాయి ఉంది, ఏది పోయింది అని రాయించడానికి ఇంతకన్నా అనువైన చోటు రాష్ట్రంలో ఉందా?

వెంకటాచలానికి ఒకపక్క కసుమూరు దర్గా, ఇంకోపక్క సర్వేపల్లి. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంటిపేరుగా లోకానికి తెలిసిన ఊరు. నెల్లూరు ఆనకట్ట దగ్గర బయల్దేరిన సర్వేపల్లి కాలువ ఆ ఊరి చెరువును నింపుతుంది. ఆనకట్ట 1855 నాటిది. దాని స్థానంలో 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ వచ్చింది. రైతుకు కావలసిందే, వద్దనను. ఇలాంటి మార్పు జరిగినప్పుడు పాత కట్టడపు కొలతలు, పటాలు, పనివాళ్ళ గుర్తులు ఒక గదిలో భద్రపరిచే అలవాటు మనకు లేకపోవడమే బాధ.

వెంకటాచలం దగ్గరే తూర్పుకు కృష్ణపట్నం రోడ్డు చీలుతుంది. బొగ్గు లారీలు, వంటనూనె ట్యాంకర్లు ఆ రోడ్డుకే మళ్ళుతాయి. కండలేరు సముద్రంలో కలిసే పాయ దగ్గర 2008లో కొత్త రేవు తెరిచారు. మధ్యయుగాల శాసనాల్లో అక్కడి రేవు పేరు కొల్లితురై. తెలుగు చోడుల బిరుదు తగిలి అదే గండగోపాలపట్టణమైంది. ఆ శాసనాలూ గూడూరు తాలూకా భాగంలోనే ఉన్నాయి. రోము నాణేల కుండ దొరికిన సీమలో ఓడల రాకపోకలు ఎంత పాతవో వేరే చెప్పాలా? కొత్త రేవు గేటు దగ్గర ఆ పాత పేరు ఒక్క ఫలకం మీద రాస్తే అక్కడ పనిచేసే వేలమందికి తాము నిలబడ్డ చోటు తెలుస్తుంది.

ఇక మనుబోలు. వరి మడులు, చెరువు, 1899లో పూర్తయిన మద్రాసు-బెజవాడ రైలు మార్గం మీద ఒక చిన్న స్టేషను, మండలాఫీసు. యాత్రికులు దిగి చూసే గొప్ప గుడి కోసమో కోట కోసమో ఎవరూ ఇక్కడికి రారు. నేను ఎక్కువసేపు నిలబడదలచింది ఇలాంటి ఊళ్ళోనే. వారసత్వమంటే మనకు లేపాక్షి, హంపి గుర్తొస్తాయి. ఈ సీమ అన్నం తిన్నది చెరువుల మీద. చెరువు తవ్వించినవాడికి, మరమ్మతు చేయించినవాడికి దశబంధం కింద భూమి ఇచ్చేవారు. అంటే చెరువు బాగుంటేనే అతని పంట. మరమ్మతుకు డబ్బు ఎక్కడినుంచి రావాలో, ఎవరు జవాబుదారో అంతా ఆ ఇనాములోనే ఉంది. రాతి స్తంభాల తూము, గట్టు రాళ్ళ పేర్పు, కలుజు, అలుగు పారినప్పుడు నీరు ఏ కాలువన పడాలో తెలిసిన నీరుగంటి, ఇవన్నీ కలిసి ఒక కట్టడం. గట్టును జేసీబీతో తోసి కాంక్రీటు తూము పెట్టిన రోజున పాత తూము రాళ్ళు ఎటు పోయాయని అడిగేవాళ్ళు ఉండరు. బట్టలు ఉతికే బండగా ఒకటి, పశువుల కొట్టం గడపగా ఒకటి మిగులుతాయి.

గుడుల సంగతి ఇంకా కష్టం. ఊరు కలిసొచ్చి, బయటి ఊళ్ళలో స్థిరపడ్డ బిడ్డలు డబ్బు పంపి, భక్తితోనే జీర్ణోద్ధరణ చేస్తారు. ఆ భక్తి నిజమైనది. ఆ భక్తిలోనే పాత రాయి మీద రంగు పడుతుంది, రంగు నిలవకపోతే ఇసుక కొట్టించి నున్న చేస్తారు, శాసనం ఉన్న పలక మీదుగా టైల్స్ పరుస్తారు. స్థపతి, పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి లాంటివారు ఊరూరా తిరిగి, రాయిని మట్టిలోంచి లేపి నిలబెట్టండి, రంగు వేయకండి, పక్కన వివరం రాయండి అని చెబుతూనే ఉన్నారు. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన గుడులను రాయి రాయి విప్పి గట్టున తిరిగి కట్టిన పనిలో ఆయన చెయ్యి ఉంది. అంతటి పని చేయగలిగిన రాష్ట్రానికి ఒక రాయిని పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబెట్టడం కష్టమా?

కష్టం ఎక్కడంటే, గుడిలో రాయి దేవాదాయ శాఖది, గట్టు మీద రాయి జలవనరుల శాఖది, రోడ్డంచు మైలురాయి రహదారుల వాళ్ళది. 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రక్షిత కట్టడమని ప్రకటించిన వాటికే పురావస్తు శాఖ పూచీ. తక్కినవి అందరివీ. పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్న సామెత ఇక్కడ తిరగబడింది, పదిమంది చేతిలో పడ్డ రాయి బతకడం లేదు.

రోడ్డు కూడా చరిత్రే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయల్దేరి కాశీ చూసుకుని, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆ తిరుగు ప్రయాణం కోస్తా వెంట నెల్లూరు మీదుగానే. ఎక్కడ మంచినీళ్ళు, ఎక్కడ సత్రం, ఎక్కడ సరుకులు దొరుకుతాయో మజిలీ మజిలీకీ రాసిపెట్టాడు. ఈ శతాబ్ది మొదట్లో నాలుగు వరుసల రోడ్డు వేసినప్పుడు ఆ కాలపు నీడలు, చింతచెట్లు, చలివేంద్రపు అరుగులు చాలావరకు పోయాయి. మిగిలినవి హైవే వదిలేసిన పాత రోడ్డు ముక్కల మీద, ఊళ్ళ బజారుల్లో ఉన్నాయి. వెతకాల్సింది అక్కడ.

మనుబోలు దాటాక కాసేపటికే గూడూరు, పంబలేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాకు వెళ్ళింది, మనుబోలు నెల్లూరులో ఉండిపోయింది. 1905లో ఒకే తాలూకా కింద అచ్చయిన ఊళ్ళు రెండు కలెక్టరేట్ల కిందికి పోయాయి. అంతకుముందు 1970లో కందుకూరు, కనిగిరి, పొదిలి తాలూకాలు ఒంగోలు జిల్లాలో కలిసినప్పుడూ ఇంతే. హద్దు మారిన ప్రతిసారీ ఫైళ్ళు చేతులు మారతాయి, ఆ మారడంలో రాళ్ళ జాబితా జారిపోతుంది. ఆ మూడు సంపుటాలూ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, ఫోనులో తెరుచుకుంటాయి. మనుబోలు చుట్టుపక్కల బళ్ళలో సోషల్ చెప్పే టీచరు గూడూరు తాలూకా పేజీలు ప్రింటు తీసి, ఒక శనివారం ఎనిమిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని, తమ ఊరి పేరు కింద ఉన్న రాళ్ళను వెతకవచ్చు. దొరికిన రాయికి ఫోటో, దొరకనిదానికి ఎప్పుడు పోయిందో చెప్పగల పెద్దాయన మాట, రెండూ ఒక నోటుబుక్కులో రాయిస్తే, ఒక కాపీ పంచాయతీకి, ఒకటి వెంకటాచలం కేంద్రానికి పంపించవచ్చు.