ఒక విశేషణపు ప్రయాణం

ఆంగ్లభాషలోని కొన్ని విశేషణాలను చూడగానే మాకు నోరు తిరగదు. నిఘంటువు తెరచినా అవి మనసుకు పట్టవు. ‘సెరెండిపిటస్’ అట్టి పదమే. ‘అదృష్టవశాత్తు లభించినది’ అని వ్రాసుకుంటే పరీక్షకు చాలునని తోచవచ్చు. కాని దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన పిదప ఆ పదం మాకు పరాయిది కాదనిపించింది.

1754 జనవరి 28న హోరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత తన మిత్రునికి వ్రాసిన లేఖలో ‘సెరెండిపిటీ’ అనే నామవాచకాన్ని కల్పించాడు. విశేషణరూపం ఇరవయ్యో శతాబ్దంలో గాని వాడుకకు రాలేదు. వాల్పోల్‌కు ఆధారం సెరెండిప్ రాజకుమారులు ముగ్గురి కథ. అది 1557లో వెనిస్ నగరంలో ఇటాలియన్ భాషలో అచ్చయింది. దాని మూలం మన అమీర్ ఖుస్రో సుమారు 1302లో పారసీకంలో రచించిన ‘హష్త్ బిహిష్త్’ కావ్యంలో ఉన్నది.

సెరెండిప్ అనగా సరందీబ్. ఉర్దూ చదివే మా మిత్రులు ఎరిగిన సింహళపు పాత పేరు అది. ఆ సరందీబ్ సంస్కృతంలోని ‘సింహళద్వీపం’ నుండి ఏర్పడినదని పండితులు చెబుతారు. ఒకే తరగతిలో కూర్చునే ఉర్దూ, తెలుగు విద్యార్థులం ఉభయులమూ ఈ పదానికి బంధువులమే!

ఇక అర్థం. ఆ రాజకుమారులు తప్పిపోయిన ఒంటెను కంటితో చూడలేదు. దారికి ఒకవైపు గడ్డి మాత్రమే మేసి ఉండటం చూసి దానికి ఒక కన్ను లేదనీ, ఈడ్చిన అడుగుజాడను చూసి అది కుంటిదనీ చెప్పగలిగారు. యాదృచ్ఛికత, సూక్ష్మబుద్ధి రెండూ కలిసినప్పుడే ఈ పదం చెల్లుతుందని వాల్పోల్ భావం. 1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో బూజు పెరగడం యాదృచ్ఛికమే. దాని చుట్టూ సూక్ష్మజీవులు నశించడం గమనించి ఆయన పరిశోధించాడు గనుక పెన్సిలిన్ బయటపడింది. ఆ ఆవిష్కరణను సెరెండిపిటస్ అనడం సముచితం. లాటరీలో వచ్చిన సొమ్మును అలా అంటే పదం పలుచనవుతుంది.

పెద్ద నగరాల కళాశాలలకున్న వసతులు మాకు లేవని తరచు చింతిస్తుంటాము. ఆ చింత అకారణమైనది కాదు. అయినా ఎదుటపడినదాన్ని శ్రద్ధగా పరికించే చూపు ఏ ఒక్క భాషకూ, ఏ ఒక్క నగరానికీ సొంతం కాదు. తోటి విద్యార్థులారా, కొత్త పదం ఎదురైనప్పుడు అర్థంతో ఆగక దాని ఊరు కూడా అడగండి. ఒక్కొక్కప్పుడు అది మన ఇంటిదే కావచ్చు.