పొగా, మాంసమా

విలియం గోల్డింగ్ 1954లో వెలువరించిన ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ నవలలో రాల్ఫ్, జాక్‌ల పోటీ పదవి దగ్గరే మొదలవుతుంది. విమానం కూలి నిర్జన దీవిలో చిక్కుకున్న ఇంగ్లీషు పిల్లలు చేతులెత్తి రాల్ఫ్‌ను నాయకుణ్ణి చేస్తారు. గాయక బృందానికి పెద్దయిన జాక్ చిన్నబుచ్చుకుంటాడు. అతణ్ణి బుజ్జగించడానికి రాల్ఫ్ ఆ బృందాన్ని అతనికే వదిలేస్తాడు, వాళ్లు వేటగాళ్లవుతారు. చిక్కంతా ఆ ఉదారతలోనే ఉంది.

రాల్ఫ్ ధ్యాస కొండమీది మంటపై: పొగ కనిపిస్తేనే ఓడ వస్తుంది. జాక్ ధ్యాస పందిపై. ఒకనాడు మంట కాయాల్సినవాళ్లను కూడా జాక్ వేటకు తీసుకుపోతాడు. మంట ఆరిపోతుంది, అప్పుడే దూరాన ఓడ ఒకటి సాగిపోతుంది. తప్పు జాక్‌దే, అనుమానం లేదు. కానీ ఆకలిమీదున్న పిల్లలకు ఎప్పటికో వచ్చే ఓడకన్నా ఎదురుగా కాలుతున్న మాంసమే నిజం. వద్దనుకున్న రాల్ఫే తినకుండా ఉండలేకపోతాడు! క్రమంగా విందూ, వేటనృత్యమూ జాక్ వైపుకు చేరతాయి. రాల్ఫ్‌కు సభలూ నియమాలే మిగులుతాయి. అతని పక్షాన ఆలోచించే పిగ్గీ బండరాయి దెబ్బకు చనిపోతాడు.

చివరికి దాక్కున్న రాల్ఫ్‌ను బయటికి రప్పించాలని జాక్ దండు అడవికి నిప్పు పెడుతుంది. నౌకాదళ అధికారిని ఒడ్డుకు రప్పించింది ఆ పొగే.