మొగల్తూరుకు చేరని మంద్రం

బేస్ గిటారుకు నాలుగు తీగలు. వేలితో నొక్కకుండా మీటితే అవి పలికే స్వరాలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్. నాలుగూ వందకు లోపే. పెళ్ళికో జాతరకో కొబ్బరిచెట్టుకు కట్టే హారన్ స్పీకరేమో రెండు మూడు వందల హెర్ట్జ్ కంటే కిందికి దిగదు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొగల్తూరులో పెరిగిన ఒక తరం వాళ్ళు తమకెంతో ఇష్టమైన పాటల్లో ఏం వినలేకపోయారో తెలుస్తుంది.

మొగల్తూరు కృష్ణంరాజు పుట్టిన ఊరు, చిరంజీవి పుట్టిన ఊరు. చిరంజీవి సినిమా పాటలు అక్కడ మోగని పండగ ఉండేది కాదు. 1983లో ‘అభిలాష’, 1984లో ‘ఛాలెంజ్’, 1986లో ‘రాక్షసుడు’. మూడూ యండమూరి నవలలే, మూడింటికీ కోదండరామిరెడ్డే దర్శకుడు, ఇళయరాజాదే సంగీతం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు తాళం పట్టుకుని ఓ మూల కూర్చోదు. పైన బాలు, జానకి ఒక దారిలో పాడుతుంటే, కింద అది తన సొంత వరస పాడుకుంటూ పోతుంది. ఆ వరస హారన్ గొంతులోంచి బయటికి రాలేదు. దాని పై హార్మోనిక్స్ కొన్ని వస్తాయి, వాటిని పట్టుకుని చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. గుండెకు తగిలే ఆ బరువు మాత్రం ఉండదు. ఈ వ్యాసకర్త ఆ పాటల్లోని బేస్‌ను సరిగా విన్నది అమెరికా వచ్చాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న రోజున. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన పాటలో ఇంకో పాట ఉందని తెలిశాక, బేస్ గిటారు కొనకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు.

ఆయన కాపురం డెట్రాయిట్ శివార్లలో. 2015లో తానా మహాసభలు జరిగిన ఊరది. తెలుగువాళ్ళకు కార్ల కంపెనీల వల్ల తెలిసిన ఆ ఊరు బేస్ వాయించేవాళ్ళకు మోటౌన్ వల్ల పుణ్యక్షేత్రం. బెరీ గోర్డీ 1959లో మొదలుపెట్టిన ఆ రికార్డు కంపెనీ, వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లో ఓ మామూలు ఇంటిని స్టూడియోగా మార్చుకుని ప్రపంచాన్ని ఆడించింది. ఆ పాటల్లో చాలావాటికి బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. స్టూడియోలో ఆయన గిటారు నేరుగా మిక్సింగ్ బల్లకే వెళ్ళేది. రాత్రుళ్ళు క్లబ్బుల్లో వాయించేటప్పుడు మాత్రం పక్కన ఆంపెగ్ బి-15 అనే యాంప్లిఫయర్ పెట్టె ఉండేది. జనం ఎక్కువగా కారు రేడియోలోనే వింటారు కాబట్టి, మోటౌన్ వాళ్ళు పాటను చిన్న స్పీకరులో కూడా మోగించి చూసుకునేవారు. ఆ చిన్న స్పీకరులోంచి కూడా జేమర్సన్ వినబడ్డాడు.

బి-15ని పోర్టాఫ్లెక్స్ అంటారు. న్యూజెర్సీకి చెందిన ఆంపెగ్ కంపెనీ 1960లో తెచ్చింది, రూపకర్త జెస్ ఆలివర్. పెట్టెలో ఒకే ఒక్క పదిహేను అంగుళాల స్పీకరు. పైమూతకు యాంప్లిఫయర్ బిగించి ఉంటుంది. పని అయిపోయాక మూత తిరగేస్తే యాంప్లిఫయర్, వాల్వులతో సహా, పెట్టె లోపలికి పోయి దాక్కుంటుంది. శక్తి 25 నుంచి 30 వాట్లే. ఈ రోజుల్లో అంతకంటే ఎక్కువ వాట్లు రాసుకున్న బొమ్మలాంటి బ్లూటూత్ స్పీకర్లున్నాయి. అయినా అరవై ఏళ్ళుగా స్టూడియోల వాళ్ళు ఈ పెట్టెను వదల్లేదంటే, దాని గొంతులో ఉన్న వెచ్చదనమే కారణం.

ఈ వ్యాసకర్త దగ్గరున్న బి-15 పాత వస్తువుగా కొన్నది. ఇన్నాళ్ళూ బాగానే పాడింది. ఈమధ్య కింది తీగ మీటినప్పుడల్లా స్పీకరులోంచి కాగితం గీరినట్టు చప్పుడు మొదలైంది. ఆయన ముందుగా ఫోన్ చేసింది ఇక్కడి షాపుకు కాదు, మొగల్తూరులో మైకు సెట్టు నడిపిన బాబాయికి.

“ఒరేయ్ అబ్బాయ్, ముందు ఆ పెట్టె ఆపు. స్పీకరు విప్పి వెల్లకిలా పెట్టు. రెండు చేతుల వేళ్ళూ కోను మీద సమానంగా వేసి మెల్లిగా నొక్కు. గరగరమందా?”

“అందండీ బాబాయ్.”

“అయితే కాయిల్ రాసుకుంటోంది. మల్టీమీటరు పెట్టి చూడు. ఎంతొచ్చింది?”

“ఆరుకి కాస్త తక్కువండీ.”

“ఆయ్, అయితే అది ఎనిమిది ఓములది. కాయిల్ బతికే ఉంది, కోనే పక్కకి జరిగింది. పేరుపాలెం గాలికి మనకి ఇలాంటివి ఏడాదికెన్ని వచ్చేవనుకున్నావ్!”

సముద్రం పక్కూళ్ళలో తేమకు, ఉప్పుగాలికి కాగితపు కోను ఎంతకాలం నిలుస్తుందో బాబాయికి చేతి అనుభవం. ఆయన చెప్పిన లెక్క కూడా సరైనదే. ఎనిమిది ఓముల స్పీకరును మీటరుతో కొలిస్తే సాధారణంగా ఆరు చుట్టుపక్కల చూపిస్తుంది. మీటరు చెప్పేది తీగచుట్ట నిరోధం మాత్రమే, పాట మోగేటప్పుడుండే ఇంపెడెన్స్ అంతకంటే ఎక్కువ.

కొత్త స్పీకరు వెతికేటప్పుడు మొదట చూడాల్సింది ఈ ఓములే. వాల్వు యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఫలానా ఓములకని చుట్టి ఉంటుంది. వెనకాల ఎనిమిది అని ఉంటే ఎనిమిదే పెట్టాలి. స్పీకరు వైరు ఊడిపోయి ఉండగా వాల్వు యాంప్లిఫయర్‌ను వాయించకూడదు. భారం లేక ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి, అది మాడిపోయే ప్రమాదముంది. ఆ కాలపు ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం స్పీకరు దొరకడం కంటే ఎంతో కష్టం. స్విచ్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవుంటాయి కాబట్టి, తెలియనివాళ్ళు యాంప్లిఫయర్ చాసీ జోలికి పోకుండా స్పీకరు వరకే చూసుకోవడం క్షేమం.

రెండోది సెన్సిటివిటీ. ఎక్కువమంది చూడకుండా వదిలేసేది, ఈ పాత పెట్టెల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. స్పీకరు మీద 300 వాట్లని రాసి ఉంటే గట్టిగా మోగుతుందనుకుంటారు. అది మాడకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె అంతే. ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది డెసిబెల్ అంకె: ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచినది. మూడు డెసిబెల్స్ తగ్గితే ఆ లోటు పూడ్చడానికి శక్తి రెట్టింపు కావాలి. ఆరు తగ్గితే నాలుగు రెట్లు. అంటే 100 డెసిబెల్స్ స్పీకరుతో 30 వాట్లు చేసే పని, 94 డెసిబెల్స్ స్పీకరుతో చేయాలంటే 120 వాట్లు ఉండాలి. ఆంపెగ్ దగ్గర ఉన్నది 30. కారు డిక్కీలో పెట్టే సబ్‌వూఫర్ పదిహేను అంగుళాలే కదా అని బిగిస్తే, దాని కోను బరువుకే ఈ యాంప్లిఫయర్ అలసిపోతుంది.

మూడోది పెట్టె. ధ్వని అంతే గట్టిగా ఉండాలంటే, స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగిన ప్రతిసారీ కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. లీడ్ గిటారు కోసం చేసిన స్పీకర్లలో కోను పలచన, కదిలే జాగా తక్కువ. వాటికి బేస్ ఇస్తే అంచులు చిరుగుతాయి, లేదా కాయిల్ వెళ్ళి వెనక రేకుకు కొట్టుకుంటుంది. స్పీకరు ఎంత కదలగలదు, ఏ స్వరం దగ్గర తనంతట తాను ఊగుతుంది, ఎంత గాలి ఉన్న పెట్టె దానికి నప్పుతుంది అనే లెక్కలను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఒక పద్ధతిలో పెట్టారు. ఇప్పుడు ప్రతి కంపెనీ ఆ అంకెలు ప్రకటిస్తుంది. బి-15 పుట్టేనాటికి అవేవీ లేవు. చెవితో విని, చెక్క కోసి, మళ్ళీ విని తయారుచేసిన పెట్టె అది. అందుకే కొత్త స్పీకరు అంకెలు ఆ పెట్టె కొలతలకు కుదురుతాయో లేదో లెక్క కట్టి చూడాలి. పోర్టాఫ్లెక్స్‌కు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మూత తిరగేస్తే యాంప్లిఫయర్ లోపలికి వస్తుంది కాబట్టి, స్పీకరు వెనక అయస్కాంతం మరీ లావుగా ఉంటే దారికి అడ్డొస్తుంది. కొనేముందు టేపు పెట్టి లోతు కొలుచుకోవాలి.

అయస్కాంతాల్లో మూడు తరాలున్నాయి. పాతవి ఆల్నికో. అందులో కోబాల్ట్ ఉంటుంది. 1978లో జైర్ దేశంలో షాబా ప్రాంతపు యుద్ధంతో కోబాల్ట్ ధర ఆకాశానికెక్కి, అప్పటికే మొదలైన ఫెర్రైట్ వాడకం అంతటా పాకింది. మూడోది నియోడిమియం. ఆ అయస్కాంతాన్ని 1980ల తొలి సగంలో కనిపెట్టినవాళ్ళలో జపాన్ సుమిటోమో వాళ్ళతో పాటు ఈ డెట్రాయిట్ జనరల్ మోటార్స్ శాస్త్రవేత్తలూ ఉన్నారు. నియోడిమియం స్పీకరుకు బరువు బాగా తగ్గుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్ళకు అది వరం. ఈ పెట్టె ఇంట్లోంచి కదిలేది ఎప్పుడో ఒకసారి కాబట్టి ఈ వ్యాసకర్తకు ఆ అవసరం కనబడలేదు.

పాత స్పీకరు సంగతేమిటి? దాని ఫ్రేము మీద 137-6534 అని ముద్ర ఉంది. అమెరికా స్పీకర్ల మీద ఇలాంటి అంకెలు పుట్టుమచ్చల్లాంటివి. 137 అంటే సి.టి.ఎస్ కంపెనీ, మిగతావి 1965వ సంవత్సరం 34వ వారం. 220 అని ఉంటే జెన్సెన్, 67 అని ఉంటే ఎమినెన్స్. పాత వస్తువు కొనేవాళ్ళు ఈ ముద్ర చదవడం నేర్చుకుంటే, లోపల ఉన్నది ఆనాటిదో, మధ్యలో ఎవరైనా మార్చిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అలాంటి స్పీకరును పారేయడం తప్పు. ఫ్రేము, అయస్కాంతం ఉంచి, కోను, కాయిల్, అంచు కొత్తవి వేయించవచ్చు. మొగల్తూరు మైకు సెట్టు కొట్టుల్లో జరిగిన పనే ఇక్కడా జరుగుతుంది, కూలి ఎక్కువ. ఒక్కటి గుర్తుంచుకోవాలి: గొంతులో ఎక్కువ పాలు కోనుది. ఆనాటి కాగితం బరువుకు, మందానికి దగ్గరగా ఉన్న కోను వేస్తేనే అది పాత స్పీకరులా పలుకుతుంది. ఏదో ఒకటి వేసి ఇస్తే, పాత ఫ్రేములో కొత్త స్పీకరు వచ్చినట్టే.

జెన్సెన్ పేరుతో ఇటలీలో తయారవుతున్నవి, ఇంగ్లండు సెలెస్టియన్ కంపెనీవి, 1966 నుంచి కెంటకీలో పనిచేస్తున్న ఎమినెన్స్‌వి ఈ అంకెలతో జల్లెడ పట్టాక, ఈ వ్యాసకర్త ఎమినెన్స్ వాళ్ళ ఫెర్రైట్ బేస్ స్పీకరు దగ్గర ఆగారు. ఎనిమిది ఓములు, సెన్సిటివిటీ ఎక్కువ, కోను కాగితానిదే, లోతు సరిపోయింది. బిగించేముందు బాబాయి చెప్పినట్టు టార్చిలైటు సెల్లు ఒకటి తెచ్చి తీగలు తాకించి చూశారు. ప్లస్సుకు ప్లస్సు తాకించగానే కోను ముందుకు కదిలింది, అంటే గుర్తులు సరిగానే ఉన్నాయి. పాత సి.టి.ఎస్ స్పీకరు కొత్త కోను వేయించుకోవడానికి, అంటే రీకోనింగ్‌కు, వెళ్ళింది. తిరిగొచ్చాక, ఇంట్లో నెమ్మదిగా వాయించుకునే రోజులకు అదే.

వచ్చే ఉగాది కార్యక్రమానికి పాటల జాబితా తయారవుతోంది. అందులో ‘అభిలాష’ పాటలు రెండున్నాయి. హైస్కూలు ఆడిటోరియానికి 30 వాట్లు చాలవు కాబట్టి స్పీకరు ముందు మైకు పెట్టి హాలు సౌండుకు కలుపుతారు. వేదిక మీద డ్రమ్స్ కుర్రాడికి, కీబోర్డు అమ్మాయికి పెట్టె నేరుగా వినబడితే చాలు. రిహార్సల్స్ ఈ శనివారం మొదలు.